పర్వత మార్గదర్శి

విద్యార్థులారా! పర్వతారోహణమును గూర్చిన వృత్తాంతములలో శిఖరము నెక్కినవాని పేరు మనకు ముందుగా వినబడును. వానికి త్రోవ చూపి, మరల సురక్షితముగా క్రిందికి దింపి తెచ్చినవాని పేరు తఱచుగా వినబడదు. ఆ మార్గదర్శి చేయు పని యెట్టిదో, దాని గొప్పతన మెచ్చట నున్నదో యీ వ్యాసమున వివరించెదను. ఇందుకు కెనడా దేశమునందలి రాకీ పర్వతములను ఉదాహరణముగా గైకొందము.

ఆ పర్వతములు మిక్కిలి దుర్గమములు. వానిలో నెల్ల నున్నతమైన రాబ్సన్ శిఖరము 3,954 మీటరుల యెత్తు గలది. నిట్టనిలువు రాతిగోడలు, హిమానీనదములు, ఎలుగుబంట్లు తిరుగు అడవులు అందు కలవు. 1885లో సముద్రతీరము వఱకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట యాత్రికులు ఆ ప్రాంతమునకు రాసాగిరి. 1896 ఆగస్టు 3వ తేదీన ఫిలిప్ ఆబట్ అను అమెరికా దేశస్థుడు లెఫ్రాయ్ శిఖరము నెక్కుచు, పైనుండి పడి మరణించెను. మరుసటి సంవత్సరము సరిగా అదే దినమున, పీటర్ సార్బాక్ అను స్విట్జర్లాండు మార్గదర్శి వెంట నుండగా, ఒక బృందము ఆ శిఖరమును చేరి క్షేమముగా దిగివచ్చెను. 1899లో కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీవారు ఎడ్వర్డ్ ఫాయిట్స్, క్రిస్టియన్ హేస్లర్ అను ఇద్దఱు స్విస్ మార్గదర్శులను పిలిపించి తమ యతిథులకొఱకు నియమించిరి.

మార్గదర్శి పని తెల్లవాఱకమున్నే ప్రారంభమగును. ఏలయన, రాత్రి చలికి మంచు గట్టిపడి కాలికి పట్టు నిచ్చును. ఎండ యెక్కిన కొలది అది మెత్తబడును. అందు చిక్కియున్న ఱాళ్లు వదులై దొర్లును. మంచుచరియలు విఱిగిపడు భయము హెచ్చును. కావున ప్రమాదస్థలములను ఎండ ముదురకమునుపే దాటవలెను.

హిమానీనదముపై లోతైన బీటలుండును. వానిపై క్రొత్త మంచు పలుచని కప్పువలె పఱచుకొని వానిని కానరాకుండ జేయును. వఱద వాగును దాటువాడు చేతికఱ్ఱతో లోతు చూచినట్లు, మార్గదర్శి ముందు నడచుచు మంచుగొడ్డలి పిడితో అడుగడుగును పొడిచి చూచును. అందఱి నడుములకును ఒకే త్రాడు కట్టియుండును. ఒకడు బీటలో పడినయెడల తక్కినవారు త్రాటిని బిగబట్టి వానిని నిలుపుదురు. ఎక్కునప్పుడు మార్గదర్శి మొదట నుండును. దిగునప్పుడు కడపట నుండును. తనకంటె క్రిందనున్నవారిని పైనుండి పట్టియుంచుటయే దీని ప్రయోజనము. జాఱుడు మంచులో గొడ్డలితో మెట్లు చెక్కుటయు అతని పనియే. ఆ మెట్లు తన కాలికి గాక, బృందమున నెల్ల బలహీనుడైనవాని కాలికి తగినట్లుండవలెను.

అయినను వీనియన్నిటికంటె కఠినమైన పని వేఱొకటి కలదు. అది “ఇక చాలు, మరలుదము” అని పలుకుట. శిఖరము కన్నులయెదుట నుండును; యాత్రికుడు ధనము వెచ్చించి, దూరమునుండి వచ్చియుండును; ఒక్క గంట నడచిన చేరవచ్చునని బతిమాలును. కాని మబ్బులు క్రమ్మినను, మంచు వదులైనను, ఒకడు మిక్కిలి యలసినను మార్గదర్శి వెనుకకు మరలవలెను. అట్లు మరలినందులకు వానిని నిందించువారు కూడ నుందురు. ఆ నిందను మౌనముగా భరించుట యతని వృత్తిధర్మము. ఈ జాగ్రత్తచేతనే, సుమారు అర్ధశతాబ్దము ఆ కంపెనీ మార్గదర్శుల వెంట నడచిన యాత్రికులలో ఒక్కరును ప్రాణము గోలుపోలేదని ప్రసిద్ధి.

మార్గదర్శి లేక వెళ్లి ఆపదలో జిక్కినవారిని రక్షించుటకును వారే పోవుచుండిరి. 1921 జూలైలో విద్యాధికుడైన స్టోన్ అను పెద్దమనుష్యుడు భార్యతో ఈయోన్ శిఖరము నెక్కెను. పైభాగమును చూచి వచ్చుటకై త్రాడు విప్పుకొని ముందుకు పోయి, ఱాయి ఊడుటచే పడి మరణించెను. ఆయన భార్య దిగుటకు దారి లేక ఇఱుకైన రాతిగట్టుపై వారము దినములు నిరాహారయై యుండెను. రుడాల్ఫ్ ఎమ్మర్ అను మార్గదర్శి ఆమెను చేరి, తన వీపున మోసికొని క్రిందికి దింపెను.

నేడు ఈ వృత్తికి శాస్త్రీయమైన శిక్షణయు, పరీక్షలును కలవు. 1963లో కెనడా మార్గదర్శుల సంఘ మేర్పడెను. మంచులో పూడుకొనినవారిని కనుగొనుటకు సంకేతములు పంపు చిన్న యంత్రములను కూడ వారు ధరింతురు. అయినను ఎప్పుడు మరలవలెనో నిర్ణయించు బాధ్యతను ఏ యంత్రమును తీసికొనజాలదు.

విద్యార్థులారా! మీలో ననేకులు మున్ముందు ఇతరులను నడిపింపవలసినవారు. శిఖరమును చేరినంతనే మార్గదర్శి పని ముగియదు. కడపటివాడు ఇల్లు చేరినప్పుడే ముగియునని జ్ఞాపక ముంచుకొనుడు.