ఇంటి గుట్టు – ఇంటర్నెట్ రట్టు



ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. ఆ కాలంలో గుట్టు బయటపెట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఈ కాలంలో చేతిలోని ట్యాబ్ ఒక్కటే చాలు. ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా గదిలో ఆరుగురికి ఒకే ట్యాబ్. మా చిన్నాన్న కొనిచ్చిన పాతది. పాఠాలు, ఉపకార వేతనం దరఖాస్తు, పాటలు అన్నీ దాంట్లోనే. నాన్న సాంచాల మీద పని చేసేవాడు. పని బందైన ఒక నెలలో ఇంటి నుండి ఫోన్ వచ్చింది. ఆ రాత్రి ఎవరూ చూడకుండా "తొందరగా అప్పు ఎక్కడ దొరుకుతుంది" అని ట్యాబ్‌లో వెతికాను. తెల్లారి తమ్ముడి వరుస పిల్లవాడు లెక్కల పాఠం తెరిస్తే పక్కన అన్నీ అప్పుల ప్రకటనలే! "అన్నా, మీ ఇంట్ల పైసలు కావాల్నా?" అని వాడు అందరి ముందర అడిగాడు. వాడి తప్పేమీ లేదు. కానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నేను ఎవరికీ చెప్పని మాట ట్యాబ్‌కు ఎట్లా తెలిసింది? దానిని తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

కుకీ అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లోని పేజీలను మనకు తెరిచి చూపే సాధనమే బ్రౌజర్. మనం ఒక సైటుకు వెళ్లినప్పుడు అది మన బ్రౌజర్‌లో ఒక చిన్న చీటీ దాచిపెడుతుంది. దానినే కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి దీనిని రూపొందించాడు. ఇది కిరాణా దుకాణంలో మన పేరిట ఉండే ఖాతా పుస్తకం వంటిది. దీనివల్ల మేలే ఉంది. ప్రతి పేజీలో మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టే బాధ తప్పుతుంది.

చిక్కు వచ్చేది మూడో మనిషి కుకీతోనే. అంగడికి పోయామనుకోండి. కూరగాయల దగ్గర, బట్టల దగ్గర, మందుల దుకాణం దగ్గర ఒకే మనిషి మన వెనకాలే నిలబడి ఏం కొన్నామో, ఏం అడిగామో రాసుకుంటే ఎట్లా ఉంటుంది? ప్రకటనల కంపెనీలు చేసే పని ఇదే. వేల సైట్లలో వాటి కోడ్ దాగి ఉంటుంది. దానినే ట్రాకర్ అంటారు. కుకీలను ఆపినా, తెర కొలత, భాష, ఆండ్రాయిడ్ వెర్షన్ వంటి గుర్తులన్నీ కలిపి ఇది ఫలానా ట్యాబ్ అని పోల్చుకునే పద్ధతి కూడా ఉంది. దీనికి ఫింగర్‌ప్రింటింగ్ అని పేరు.

ఇన్‌కాగ్నిటో చాలదా?

చాలామంది నల్ల తెర తెరిచి ఇక ఎవరికీ తెలియదని అనుకుంటారు. ఇన్‌కాగ్నిటో మూసేసిన తరువాత ఆ ట్యాబ్‌లో చరిత్ర మిగలదు, అంతవరకే. మనం చూసే సైటుకు, వైఫై ఇచ్చిన వారికి మన రాకపోకలు తెలియవచ్చు. ఈ విషయం మీదనే అమెరికాలో 2020లో గూగుల్‌పై దావా పడింది. 2024లో రాజీ కుదిరి, కోట్లాది రికార్డులను తుడిచివేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

ఏ బ్రౌజర్ ఎట్లాంటిది?

1. క్రోమ్: దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ముందే ఉంటుంది. భద్రతలో లోటు లేదు. కానీ గూగుల్ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనలదే. మూడో మనిషి కుకీలను తీసేస్తామని 2020లో చెప్పి, తరువాత ఆ ఆలోచన మానుకుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ప్రకటనలను ఆపే పొడిగింపులు పెట్టుకునే వీలు కూడా లేదు.

2. ఫైర్‌ఫాక్స్: లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్‌కు చెందినది. ట్రాకర్లను తనంతట తానే ఆపుతుంది. సెట్టింగ్స్‌లో స్ట్రిక్ట్ ఎంచుకుంటే ఇంకా గట్టిగా ఆపుతుంది. యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు పెట్టుకోవచ్చు. మెనూలు తెలుగులో కూడా ఉన్నాయి.

3. ఫైర్‌ఫాక్స్ ఫోకస్: చాలా చిన్నది. ఒక్క బొత్తాం నొక్కితే చూసిన చరిత్ర, కుకీలు అన్నీ తుడిచిపెడుతుంది. నలుగురు వాడే ట్యాబ్‌కు తగినది.

4. బ్రేవ్: ప్రకటనలను, ట్రాకర్లను మనం ఏమీ మార్చకుండానే ఆపుతుంది. ప్రకటనలు దిగవు కనుక డేటా కూడా ఆదా అవుతుంది.

5. డక్‌డక్‌గో: ఇందులోనూ నిప్పు గుర్తు నొక్కితే అన్నీ చెరిగిపోతాయి. కానీ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లు కొన్నింటిని ఇది వదిలేస్తున్నదని 2022లో బయటపడింది. అదే ఏడాది సరిదిద్దుకున్నది. గోప్యత అని పేరు పెట్టుకున్నంత మాత్రాన గుడ్డిగా నమ్మరాదని దీని పాఠం.

6. టార్: మన అభ్యర్థనను మూడు మజిలీల గుండా తిప్పి పంపుతుంది. గోప్యత ఎక్కువ, వేగం తక్కువ. రోజూ వీడియో పాఠాలు చూసేవారికి పనికిరాదు.

ఒకప్పుడు మన పల్లెల్లో డౌన్‌లోడ్లకు యూసీ బ్రౌజర్ వాడనివారు తక్కువ. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అది కూడా ఉంది. ఎవరో పంపిన ఫైలుతో దానిని మళ్లీ ఎక్కించుకోకండి.

పాత ట్యాబ్ ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. ఎంత మంచి బ్రౌజర్ అయినా అప్‌డేట్లు ఆగిపోతే తాళం లేని తలుపే. క్రోమ్ 2025 నుండి ఆండ్రాయిడ్ 8, 9 వెర్షన్లకు కొత్త అప్‌డేట్లు ఇవ్వడం మానేసింది. కనుక ముందుగా మీ ట్యాబ్ వెర్షన్ ఎంతో, దానికి ఏ బ్రౌజర్ ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నదో చూడండి.

నా సలహా

ట్యాబ్ మీ ఒక్కరిదే అయితే ఫైర్‌ఫాక్స్ పెట్టుకొని స్ట్రిక్ట్ చేయండి. నలుగురిది అయితే సొంత విషయాలు వెతకడానికి ఫోకస్ వాడండి. ట్యాబ్ నెమ్మదిగా నడుస్తుంటే బ్రేవ్ పెట్టి చూడండి. ఐప్యాడ్ ఉన్నవారికి సఫారీ చాలు. అది 2020 నుండి మూడో మనిషి కుకీలను పూర్తిగా ఆపుతున్నది.

వీటితో పాటు ఈ నాలుగు మాటలు మరువకండి:

* ఉపకార వేతనం సైటులో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఇస్తాం. పని కాగానే లాగౌట్ కావాలి.
* పాస్‌వర్డ్ దాచుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే, నలుగురి ట్యాబ్‌లో వద్దనే చెప్పాలి.
* బ్రౌజర్ కాపాడేది బ్రౌజర్‌లో చేసిన పనినే. యాప్‌లకు వేరే దారులు ఉన్నాయి. కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్‌కు ఎందుకని ఎదురు ప్రశ్న వేయండి.
* అప్పు ప్రకటన కనబడితే నొక్కకండి. 2020లో లోన్ యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఆ యాప్‌లు ఫోన్లోని నంబర్లు దోచుకొని బంధుమిత్రులందరికీ ఫోన్లు చేసి పరువు తీశాయి.

గుట్టు మన హక్కు

దాచుకోవడానికి మన దగ్గర ఏముందిలే అని కొందరు అంటారు. పేదవాడికి డబ్బు లేకపోవచ్చు గాని మర్యాద ఉంటుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. 18 ఏళ్ల లోపు పిల్లల వెంటపడి వివరాలు సేకరించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. చట్టం మన గది దాకా వచ్చేవరకు మన తలుపు మనమే వేసుకోవాలి.

ఆ నెల నాన్న యాప్ అప్పు తీసుకోలేదు. అమ్మ బీడీల పైసలతో, మేనమామ చేబదులుతో గడిచిపోయింది. ఆనాడు నన్ను అడిగిన తమ్ముడే తరువాత గదిలోని ట్యాబ్‌లో కొత్త బ్రౌజర్ ఎక్కించి, చిన్న పిల్లలకు తుడిచే బొత్తాం చూపించాడు. మీరూ ఈ రోజే మీ ట్యాబ్ తెరిచి చూడండి. మీకు తెలిసింది పక్క మంచం మీది తమ్ముడికి నేర్పండి.