మందుల చదువుకు మంచం పక్కనే పాఠం

పెద్దాసుపత్రి వార్డులో డాక్టరు వెనుక తెల్లకోటు వేసుకొని, నోటుపుస్తకం పట్టుకొని మంచం మంచానికీ తిరిగే యువతీ యువకులను చాలామంది చూచే ఉంటారు. అందరూ కాబోయే డాక్టర్లేనని జనం అనుకుంటారు. కాని వారిలో కొందరు ఫార్మ్‌-డి విద్యార్థులు. డాక్టరు రాసిన మందు రోగికి సరిపడుతున్నదా, ఒక మందు మరొకదానితో పేచీ పెట్టుకుంటున్నదా అని కనిపెట్టడం వారు నేర్చుకొనే విద్య.

మన దేశంలో ఈ చదువు 2008లో వచ్చింది. ఇంటర్మీడియట్ తరువాత 6 ఏళ్లు చదవాలి. ఆఖరి ఏడాది అంతా ఆసుపత్రిలోనే. 6 నెలలు జనరల్ మెడిసిన్ విభాగంలో, మిగతా కాలం మరి మూడు విభాగాలలో రెండేసి నెలల చొప్పున పనిచేయాలి. కనీసం 300 పడకల ఆసుపత్రితో సంబంధం ఉన్న కాలేజీయే ఈ కోర్సు నడపాలని నిబంధన. రోగి లేనిదే ఈ చదువు లేదన్నమాట!

పుస్తకంలో లేని సంగతులు రోగి నోటనే తెలుస్తాయి. "బిళ్లలు రోజూ వేసుకుంటున్నావా తాతా?" అని అడిగితే "వేసుకుంటున్నానయ్యా" అనే జవాబు వస్తుంది. కాసేపు కూర్చొని, ఊరు, పంట, బస్సు సంగతులు మాట్లాడితే అసలు విషయం బయటపడుతుంది. ఒంట్లో నీరు తీసే బిళ్ల వేసుకుంటే మాటిమాటికీ మూత్రానికి పోవాలి. అందుకని సంతకు బస్సెక్కే రోజున దానిని మానేసేవారున్నారు. మతిమరుపు కాదది, బస్సు మధ్యలో ఆగదు గదా! అటువంటివారికి బిళ్ల వేళ మార్చుకొనే వీలున్నదేమో డాక్టరును అడిగి చెప్పవచ్చు. అయితే అసలు కారణం తెలిస్తేనే గదా అడిగేది!

ఇన్సులిన్ సంగతీ అంతే. మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలని విద్యార్థి చదువుకొని వస్తాడు. ఇంట్లో ఫ్రిజ్ లేని అవ్వకు ఆ మాట చెప్పి ఏం లాభం? తడి ఇసుక మీద మట్టికుండ పెట్టి, సీసాను తడవకుండా సంచిలో చుట్టి అందులో దాచుకొనే పద్ధతి పల్లెల్లో ఉన్నది. కుండ ఫ్రిజ్ అంత చల్లబడదు గాని, ఎండాకాలపు వేడి నుంచి మందును చాలావరకు కాపాడుతుంది. ఇక్కడ విద్యార్థికి గురువు అవ్వే.

ఆయాసానికి పీల్చే మందు వాడేవారిని వాడి చూపించమనడం మరో పాఠం. మందు పీల్చాక 10 సెకండ్ల పాటు ఊపిరి బిగపట్టాలి. వెంటనే వదిలేస్తే మందులో కొంత గాలిపాలవుతుంది. వాడకం తెలుసునని చెప్పేవారు కూడా చూపించమంటే తడబడడం కద్దు.

అయితే ఇంగ్లీషు ఫారం గబగబా నింపుకొని పోయే విద్యార్థులు లేకపోలేదు. అది మంచి పద్ధతి కాదు. తానెవరో చెప్పి, రోగి సరేనంటేనే మాట్లాడాలి. ఇష్టం లేదనే హక్కు రోగికి ఉన్నది. అందుకు వైద్యంలో లోటు రాకూడదు. మందు మార్చే అధికారం విద్యార్థికి లేదనీ, అది డాక్టరు పని అనీ రోగులు గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌లో వ్యవహారం మరో అడుగు ముందున్నది. అక్కడి జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ 2021లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం కోర్సు ఎలా ఉండాలనే దానిలో రోగుల, ప్రజల అభిప్రాయాలను కాలేజీలు తీసుకోవాలి. మన దగ్గర అంతదూరం పోనక్కరలేదు. విద్యార్థి మాట్లాడి వెళ్లాక "ఈ పిల్ల చెప్పింది నీకు తెలిసిందా అమ్మా?" అని మాస్టారు రోగిని అడిగి, ఆ జవాబును బట్టి మార్కులు వేసినా చాలు.

ఆసుపత్రికి పోయేవారు వాడే బిళ్లల అట్టలన్నీ వెంట తీసుకుపోవాలి. ఊళ్లో ఆర్‌.ఎం.పి. ఇచ్చినవీ, నాటుమందులూ, కషాయాలూ దాచకుండా చెప్పాలి. మందు పడక దద్దుర్లు, వాంతులు వంటివి వస్తే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ సంగతిని కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 1800-180-3024కు పనిదినాలలో రోగులే స్వయంగా తెలుపవచ్చు.