జంట మందు: శత్రువు కత్తెరను విరిచే ఔషధం

ఆషాఢం ప్రవేశించి లాల్‌దర్వాజాలో బోనాల సందడి మొదలయ్యేనాటికి హైదరాబాదు పాతబస్తీలో వానలతోపాటు దగ్గు, గొంతునొప్పి, జ్వరం కూడ ఇంటింటికీ వస్తాయి. గౌలిపురా, శాలిబండ ప్రాంతాల గృహిణులు ముందుగా మిరియాల కషాయం కాస్తారు. కొందరు చార్మినార్ చెంత ఏడవ నిజాం కాలంలో వెలసిన నిజామియా యునానీ ఆసుపత్రికి వెళతారు. మరికొందరు మందుల దుకాణానికి పోయి, వైద్యుని చీటీ లేకుండానే "625 బిళ్ళలు ఇవ్వండి" అని అడుగుతారు. ఈ మూడవ అలవాటు ప్రమాదకరమైనది. ఆ అంకె వెనుక ఉన్న ఔషధమేమిటో, అది ఎట్లు పనిచేస్తుందో ప్రతి కుటుంబమూ తెలుసుకొనవలసి ఉన్నది.

రెండు మందులు ఒకే బిళ్ళలో

625 మిల్లీగ్రాముల బిళ్ళలో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆమ్లం ఉంటాయి. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబానికి చెందినది. బాక్టీరియా తన చుట్టూ ఒక గట్టి గోడను కట్టుకొంటుంది. అమాక్సిసిలిన్ ఆ గోడ నిర్మాణాన్ని అడ్డగిస్తుంది. గోడ బలహీనపడిన సూక్ష్మజీవి పగిలి నశిస్తుంది. మన శరీర కణాలకు అటువంటి గోడ లేదు గనుక ఆ దెబ్బ మనకు తగలదు.

అయితే బాక్టీరియా ఊరకుండదు. అనేక రకాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేస్తాయి. ఇది కత్తెర వంటిది. పెన్సిలిన్ జాతి మందుల కీలకమైన వలయాన్ని తెంచి వాటిని నిర్వీర్యం చేస్తుంది. ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది 1928లో. ఆ మందు ప్రజల వాడుకలోకి రాకముందే, 1940లో, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు అబ్రహాం, చెయిన్ ఇటువంటి ఎంజైమును గుర్తించారు.

ఈ కత్తెరకు విరుగుడే క్లావులానిక్ ఆమ్లం. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే సూక్ష్మజీవి నుండి 1970వ దశకంలో బ్రిటన్‌లోని బీచమ్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని వెలికితీశారు. జంట మందు 1981లో అక్కడ వాడుకలోకి వచ్చింది. మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో లెడర్లీ పరిశోధనశాల 1948లో లోకానికి అందించిన ఆరియోమైసిన్ కూడ స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి ప్రసాదించినదే.

క్లావులానిక్ ఆమ్లానికి స్వయంగా క్రిములను చంపే శక్తి స్వల్పం. దాని నిర్మాణం పెన్సిలిన్‌ను పోలి ఉండుటచే ఎంజైము దానిపైకి దూకి, దానికే అతుక్కుపోతుంది. కత్తెర ఇరుక్కున్నంతలో అమాక్సిసిలిన్ తన పని తాను చేస్తుంది. ఆయుర్వేదంలో ఔషధానికి అనుపానం తోడైనట్లు దీనిని పోల్చవచ్చును. కాని అనుపానం మందుకు సహకరిస్తుంది. ఇది శత్రువు ఆయుధాన్ని పట్టుకొంటుంది.

ఎక్కడ పనిచేయదు?

జలుబు, ఫ్లూ, డెంగ్యూ వైరస్‌ల వలన వచ్చేవి. వాటిపై ఈ మందుకు ఎట్టి ప్రభావమూ లేదు. టైఫాయిడ్‌కు వైద్యులు మొదట ఎంచుకొనేది ఇది కాదు. ఎం.ఆర్.ఎస్.ఏ. అనే మొండి క్రిమి కత్తెరతో గాక, మందు అతుక్కొనే స్థానాన్నే మార్చుకొని తప్పించుకొంటుంది. అక్కడ జంట మందు నిష్ప్రయోజనం. క్లావులానిక్ ఆమ్లానికి లొంగని ఎంజైములు గల క్రిములు కూడ ఉన్నవి. కనుకనే మాటిమాటికీ వచ్చే మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్‌లో మందు మొదలుపెట్టక ముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు ఇచ్చుట మేలు.

మొండితనం ఎట్లు పెరుగుతుంది?

మన నగరం చెంతనే ఒక హెచ్చరిక ఉన్నది. పటాన్‌చెరు వద్ద దాదాపు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలను ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. కొన్ని బాక్టీరియాలకు హానిచేసే మోతాదు కంటె ఇది వెయ్యి రెట్లకు పైమాట. అటువంటి నీటిలో బతికి బట్టకట్టేవి మొండి క్రిములే. అదే ప్రక్రియ మన కడుపులోను జరుగుతుంది. అవసరం లేకుండా మింగిన ప్రతి బిళ్ళ సున్నితమైన క్రిములను చంపి, మొండివాటికి చోటు ఖాళీ చేస్తుంది.

వాడునప్పుడు పాటించవలసినవి

భోజనం ఆరంభంలో వేసుకొనవలెను. కడుపులో వికారం తగ్గుతుంది. క్లావులానిక్ ఆమ్లం బాగా ఒంటబడుతుంది.

625 బిళ్ళకు బదులు రెండు 375 బిళ్ళలు వేసుకొనరాదు. 375లోను క్లావులానిక్ ఆమ్లం 125 మిల్లీగ్రాములే. రెండు వేసుకుంటే అది రెట్టింపై విరేచనాలు హెచ్చుతాయి.

పిల్లల సిరప్‌ను నీటితో కలిపిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచి, 7 రోజులు దాటగానే పారవేయవలెను.

పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీరు, పలుచని మజ్జిగ, గంజి ఇవ్వవచ్చును. నెత్తురు పడినా, తగ్గకపోయినా ఆలస్యం కూడదు. కళ్ళు పచ్చబడుట, మూత్రం ముదురు రంగులో వచ్చుట కాలేయం దెబ్బతిన్నదనుటకు సూచన. మందు మానిన కొన్ని వారాలకు కూడ ఇవి కనిపించవచ్చును.

వంటింటి వైద్యం హద్దు

ఉప్పునీటి పుక్కిలింత, అల్లం, తులసి కషాయం గొంతుకు ఉపశమనమిస్తాయి. పెద్దలకు తేనె కూడ మంచిదే. ఏడాది నిండని శిశువుకు మాత్రం పెట్టరాదు. కాని చెవిలో చీము కారుతున్న బిడ్డకు, ఎగశ్వాసతో పాలు తాగలేని పసివానికి కషాయం చాలదు. పక్కింటివారు ఇచ్చిన మిగులు బిళ్ళలూ చాలవు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి. ఇంట్లో వాడుతున్న చూర్ణాలు, భస్మాల సంగతి కూడ దాచక ఆయనకు చెప్పవలెను.