బడి పైకప్పు నుంచి భూగోళం దాకా

గోడకు వేలాడే పటంలో మూడో తరగతి పిల్లలకు భారతదేశం కనిపిస్తుంది కానీ వాళ్ల ఊరు కనిపించదు. అదే ట్యాబ్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి బడి పైకప్పు మీద ఆపితే ఎవరూ చెప్పకుండానే చెరువునీ, గుడినీ, తమ వీధినీ వెతుక్కోవడం మొదలుపెడతారు.

చిన్నపిల్లలకు పటాలు అర్థం కావన్న అభిప్రాయం పాతదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు పియాజే, ఇన్‌హెల్డర్ పిల్లల ముందు మూడు కొండల నమూనా ఉంచి, అవతలివైపు కూర్చున్న బొమ్మకు ఏం కనిపిస్తుందని అడిగారు. చిన్నవాళ్లు ఎక్కువగా తమకు కనిపించేదే చూపించారు. కానీ 1970 ప్రాంతంలో జేమ్స్ బ్లాట్, ఆయన సహచరులు ఆకాశం నుంచి తీసిన ఫొటోలను ఒకటో తరగతి వయసు పిల్లలకు ఇచ్చి చూశారు. ఇళ్లనూ రోడ్లనూ చాలామంది గుర్తుపట్టారు. గీతలూ గుర్తులూ ఉన్న పటాన్ని చదవాలంటే ముందు ఆ సంకేతాలు నేర్చుకోవాలి. ఫొటోలో చెట్టు చెట్టులాగే ఉంటుంది. అందుకే ఫొటోతో మొదలుపెట్టి గీతల పటానికి రావాలని నా గట్టి నమ్మకం.

తెర మీద బొమ్మను పెద్దది చేసే పద్ధతిలోనే చక్కటి లెక్క దాగి ఉంది. చాలా డిజిటల్ పటాల్లో మొదటి మెట్టు మీద ప్రపంచమంతా ఒక్క చదరంలో, అంటే అడ్డంగా 256, నిలువుగా 256 చుక్కల్లో ఇమిడిపోతుంది. ఒక మెట్టు దిగితే ఆ చదరం నాలుగవుతుంది, ఇంకో మెట్టుకు పదహారు. అలా పద్దెనిమిది సార్లు దిగేసరికి ప్రపంచం దాదాపు 6,872 కోట్ల చదరాలవుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో చుక్క సుమారు 60 సెంటీమీటర్ల నేలకు సమానం. మనం చూస్తున్న చోటికి సంబంధించిన చదరాలను మాత్రమే ఫోన్ తెప్పించుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు పటం గళ్లుగళ్లుగా విచ్చుకునేది ఇందుకే. నాలుగో ఎక్కం వచ్చిన పిల్లలు మొదటి నాలుగైదు మెట్లు నోటితోనే లెక్కకట్టగలరు.

దూరాలు కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మనం ఉన్న చోటు ఇదేనంటూ పటం మీద ఫోన్ చూపే నీలిచుక్క ఆరుబయట కూడా సుమారు అయిదు మీటర్లు అటూఇటూ ఉండవచ్చు. గోడల మధ్య ఆ తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి గేటు నుంచి కుళాయికి ఎంత దూరమో నీలిచుక్కతో కొలవొద్దు. పిల్లలు అడుగులతో కొలవాలి, తర్వాత ఉపగ్రహ చిత్రం మీద కొలత సాధనంతో గీత గీసి రెండింటినీ పోల్చుకోవాలి.

దిక్కుల విషయంలో ఫోన్ పిల్లలకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. దారి చూపేటప్పుడు అది మనం వెళ్లే వైపును పైకి తిప్పేస్తుంది, దాంతో ఉత్తరం ఎటో ఆలోచించే పని ఉండదు. తరగతిలో ఆ తిప్పడాన్ని ఆపేయాలి. మధ్యాహ్నం ఆవరణలో నిటారుగా ఒక కర్ర పాతి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న వేళ దాని వెంట గీత గీస్తే ఉత్తర దక్షిణాలు తెలుస్తాయి. తెర మీది పటాన్ని ఆ గీతకు సరిపెట్టి చూడటం అయిదో తరగతిలోగా ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక్కసారైనా చేయాల్సిన పని.

పటం అబద్ధం కూడా చెబుతుంది. బల్లపరుపు డిజిటల్ పటాల్లో ఎక్కువ భాగం 1569 నాటి మెర్కేటర్ పద్ధతినే అనుసరిస్తాయి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అందులో నేల సాగిపోతుంది. అందుకే గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి దాని విస్తీర్ణం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశానిది సుమారు 32.9 లక్షలు. గోళం రూపంలోకి మార్చి తిప్పి చూపిస్తే ఎవరు పెద్దో పిల్లలే తేలుస్తారు.

హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2009 నుంచి నడుపుతున్న ‘భువన్’ వెబ్‌సైట్‌లో మన నేల ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా చూడవచ్చు. 2004లో బ్రిటన్‌లో మొదలైన ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్’ అనే డిజిటల్ పటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు, పేర్లు తెలుగులోనూ చేర్చవచ్చు. పల్లెల్లో చాలాచోట్ల అది దాదాపు ఖాళీగా ఉంటుంది. ప్రాథమిక పాఠశాలకు అసలైన అవకాశం అదే. పిల్లలందరికీ ట్యాబులు అక్కర్లేదు. ఊరి పటాన్ని కాగితం మీద ముద్రించి, వీధుల్లో నడుస్తూ చేతిపంపు, అంగన్‌వాడీ, రచ్చబండ ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టించాలి. ఒకే చోటును ఇద్దరు వేర్వేరుగా గుర్తిస్తే మళ్లీ వెళ్లి చూసి రావాలి. ఆ తర్వాతే టీచర్ వాటిని పటంలోకి ఎక్కించాలి. ఏ ఇల్లు ఎవరిదన్నది మాత్రం ఎక్కించకూడదు.