పాలరాతి దేవుడికి చింతపండు ఎందుకు పడదు?

పండక్కి ఇత్తడి కుందులను చింతపండుతో తోమితే తళతళలాడతాయి. అదే చేత్తో పాలరాతి వినాయకుణ్ణీ తోమితే? మెరుపు పోయి గరుకవుతాడు.

పాలరాయిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్. చింతపండు, నిమ్మరసం, పెరుగుల్లోని ఆమ్లం తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ వదులుతూ కొద్దికొద్దిగా కరుగుతుంది. కోడిగుడ్డు పెంకులోనూ ఉండేది ఇదే పదార్థం. దానిమీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలొస్తాయి. మన గుట్టల్లోని గ్రానైట్‌కి ఈ బెడద లేదు, అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువ. తెల్లరాయేమో రాజస్థాన్‌లోని మక్రానా వంటి చోట్ల నుంచి వస్తుంది. తాజ్‌మహల్ రాయీ అక్కడిదే!

నూనె, పసుపు, కుంకుమ కూడా సన్నటి రంధ్రాల్లోకి ఇంకి మరకలవుతాయి. అందుకే అభిషేకం ఇత్తడి విగ్రహానికి చేసి, పాలరాతికి పూలతో సరిపెట్టడం మేలు. దుమ్ము పడితే మంచినీళ్ళలో తడిపిన మెత్తని బట్టతో తుడిచి, వెంటనే పొడిబట్టతో అద్దండి. బాత్రూం కడిగే యాసిడ్‌ని మాత్రం దగ్గరికే రానివ్వకండి.