పిండిలోని కండ

మాంసాహారం మానినవారిలో చాలామందికి వెలితిగా తోచేది రుచి కాదు, నమలడంలోని తృప్తి. ఉప్పు, కారం, మసాలా ఏ కూరలోనైనా వేసుకోవచ్చు. పీచుపీచుగా విడివడుతూ పంటికి కొంత ఎదురు నిలిచే గుణం మాత్రం వంకాయకు గాని, బంగాళాదుంపకు గాని లేదు. ఆ గుణం కోసమే వంగదేశీయులు పచ్చి పనసకాయను ఆశ్రయించి, దానిని ముద్దుగా 'చెట్టు మేక' అన్నారు. మన పనసపొట్టు కూర ఆవ ఘాటుతో తన రుచిని తాను చాటుకున్నదే గాని, మాంసమని ఎన్నడూ చెప్పుకోలేదు. అయితే పనసలో పీచు ఉన్నంతగా మాంసకృత్తులు లేవు. 100 గ్రాముల లేత కాయలో అవి సుమారు 3 గ్రాములే. అంగడిలో దొరికే మీల్‌మేకర్‌లో మాంసకృత్తులు దాదాపు సగం ఉంటాయి గాని, నూనె తీసిన సోయా పిండితో యంత్రాలు మాత్రమే దానిని తయారుచేయగలవు.

ఇంట్లోనే చేసుకోదగిన మార్గాన్ని చైనా బౌద్ధ విహారాల వంటశాలలు ఆదరించాయి. అది గోధుమపిండిని కడగడం. కడుగగా మిగిలిన ముద్దను చైనీయులు 'మియెన్‌జిన్' అంటారు. పిండిలోని స్నాయువు అని దాని అర్థం. 11వ శతాబ్దికి చెందిన షెన్ కువో అనే పండితుడు ఉక్కును వివరిస్తూ, పిండిని కడుగగా కడుగగా ఈ ముద్ద బయటపడినట్లే, ఇనుమును కాల్చి కొట్టగా కొట్టగా ఉక్కు తేలుతుందన్నాడు. కమ్మరి కొలిమికి వంటయింటి నుండి తెచ్చిన ఈ ఉపమానం ఎంతో ముచ్చటైనది. ఐరోపాలో బెక్కారి అనే ఇటలీ శాస్త్రవేత్త 1728లో ఈ పదార్థాన్ని వేరుచేసి వివరించాడు. దీనినే మనం గ్లూటెన్ అంటున్నాం.

గోధుమలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులున్నాయి. మొదటిది సాగుదలను, రెండవది బిగువును ఇస్తుంది. తడిపి మర్దించినప్పుడు ఇవి పెనవేసుకొని వలగా ఏర్పడతాయి. ఆ వలలో చిక్కిన పిండిరేణువులు నీటితో కొట్టుకుపోతాయి. వల నీటిలో కరగదు కనుక నిలుస్తుంది.

అరకిలో మైదాను పూరీపిండి వలె గట్టిగా కలిపి పది నిమిషాలు మర్దించాలి. పొట్టు కలిసిన గోధుమపిండితోనూ చేయవచ్చు గాని, పొట్టు ఆ వలను తెంపుతుంది. ముద్దను గంటసేపు నీటిలో మునిగేలా ఉంచి, ఆ నీటిలోనే పిసకాలి. నీరు పాలవలె తెల్లబడగానే మార్చాలి. రెండవ కడుగులో ముద్ద చిన్న చిన్న తునకలై కరిగిపోతున్నట్లు కనిపిస్తుంది. చాలామంది అక్కడే నిరాశపడి మానేస్తారు. కింద జల్లెడ పెట్టుకొని ఓపికగా పిసికితే ఆ తునకలే తిరిగి కలుసుకొని రబ్బరు వలె సాగుతాయి. ఐదారు కడుగుల తరువాత నీరు దాదాపు తేటపడుతుంది. అప్పటికి చేతిలో మిగిలేది 150 గ్రాములకు మించదు.

దానిని కొంతసేపు కదపక ఉంచి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు వేసి కాచిన నీటిలో సన్నని సెగపై ముప్పావు గంట ఉడికించాలి. సెగ పెరిగితే ముద్ద ఉబ్బి గుల్లబారుతుంది. దానికి స్వతహాగా రుచి లేదు. ఏ నీటిలో ఉడికితే ఆ రుచినే గ్రహిస్తుంది. చల్లారిన తరువాత ముక్కలు కోసి, వేయించి, మసాలాలో వేయాలి.

ఇది మాంసానికి సంపూర్ణ ప్రత్యామ్నాయమని భ్రమపడరాదు. గోధుమ మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. అది పప్పుధాన్యాలలో సమృద్ధిగా లభిస్తుంది కనుక, ఆ పూట పప్పు కూడా తినడం మేలు. బి12 విటమిన్ ఇందులో లేదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారు దీనిని ముట్టనే కూడదు.

కడిగిన తెల్లని నీటిని పారబోయనక్కరలేదు. కొన్ని గంటలు కదపక ఉంచితే పిండి అడుగున పేరుకుంటుంది. పైనీరు వంచి, ఆ చిక్కని పాలను దోసెలలో కలుపుకోవచ్చు, నేతితో హల్వా చేసుకోవచ్చు. అనకాపల్లి జిల్లాలోని మాడుగుల హల్వాకు కూడా గోధుమపాలే ఆధారం. అయితే అక్కడ మైదా వాడరు, గోధుమలను నానబెట్టి రుబ్బి పాలు తీస్తారు.