మెరిసే పాత కోటు: ఇచ్చేసే ముందు ఆ మెరుపు ఎక్కడిదో చూడండి

డిసెంబరు వచ్చేసరికి గ్రేటర్ నోయిడాలో రాత్రి పెళ్లిళ్లకు కోటో శాలువో లేకుండా వెళ్లలేని చలి మొదలవుతుంది. కృష్ణా, గోదావరి తీరాల్లో దశాబ్దాలుగా ట్రంకుపెట్టె దాటని తాతగారి కోటుకు, ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన మనవల ఇళ్లలోనే మళ్లీ పని దొరికే అవకాశం ఉంది. 1991లో అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడిన తరువాతే ఈ నగరం రూపుదిద్దుకుంది. అంటే చాలా కోట్లు ఈ ఊరికన్నా పెద్దవి.

ఆ కోటుకు మరో దారి కూడా ఉంది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారికి అప్పగిస్తే, దిల్లీ ప్రాంతంలో అలాంటి బట్టలు చాలావరకు రఘుబీర్ నగర్ సంతకు చేరతాయి. తెల్లవారకముందే సాగే ఆ సంతలో బాగున్నవి బాగుచేతకూ, తిరిగి అమ్మకానికీ వెళతాయి. పనికిరావనుకున్న ఉన్ని బట్టలు పానిపట్టులో పీచుగా మారి కంబళ్లవుతాయి. జరీ ఉన్నవాటిని వేరుగా తూకానికి కొనేవారుంటారు. వారు బట్టను కాల్చి వెండిని రాబడతారు. ఆ తరువాత నేత అన్నది మిగలదు. అందుకే కోటు గుమ్మం దాటకముందే దాని మెరుపు లోహానిదా, నేతదా, లేక ప్లాస్టిక్‌దా అన్నది తేల్చుకోవాలి.

లోహపు మెరుపు

అసలైన జరీ అంటే పట్టు లేదా నూలు దారం చుట్టూ చదును చేసిన వెండి తీగను చుట్టి, దానికి బంగారు పూత పూసినది. కాలం గడిచేకొద్దీ అది నల్లబడుతుంది. నల్లబడిందని నకిలీగా భావించడం చాలామంది చేసే పొరపాటు. లోపలి కుట్టు నుంచి ఒక పోగు తీసి రాతిపై రుద్దితే ఎర్రటి లోహం బయటపడితే అది రాగి తీగ. వెలిగించిన అగ్గిపుల్ల దగ్గర ముడుచుకుని ఉండకట్టితే ప్లాస్టిక్ పోగు. దశాబ్దాలు గడిచినా కొత్తదానిలా మెరుస్తున్న బంగారు చారను అనుమానించాల్సిందే. అల్యూమినియంపై ప్లాస్టిక్ పొర పరచి చేసే ల్యూరెక్స్ 1946లో అమెరికాలో మొదలై, ఆ తరువాతి దశాబ్దాల్లో లోకమంతా వ్యాపించింది. దానిలో విలువ లేదని కాదు, వెండి మాత్రం లేదు.

నేత చేసే మాయ

తెలుగువారికి ఇది పరిచయమైన విషయమే. నెమలికంఠం రంగు పట్టుచీరను ఒకవైపు నుంచి చూస్తే నీలం, మరోవైపు నుంచి చూస్తే ఆకుపచ్చ. పడుగు ఒక రంగు, పేక మరో రంగు కావడమే రహస్యం. ఉత్తరాదిన దీనినే ఎండనీడలని అర్థం వచ్చేలా ధూప్ ఛావ్ అంటారు. పాశ్చాత్య సూట్లలో ఇదే సూత్రంపై నేసినది టోనిక్. అంగోరా మేక వెంట్రుకలనూ ఉన్నినీ కలిపి నేసిన ఈ గుడ్డను డోర్మెయ్ సంస్థ 1957లో తెచ్చింది. షార్క్‌స్కిన్‌కు సొరచేప చర్మంతో పోలికే తప్ప సంబంధం లేదు. లేత, ముదురు పోగులను ఒకటి విడిచి ఒకటి నేయడం వల్ల దగ్గరగా చూస్తే చిన్న మెట్ల వరుసలు కనిపిస్తాయి. అదే పేరుతో ఎసిటేట్ గుడ్డ కూడా వచ్చేది. దానిపై మరక పడిందని గోళ్ల రంగు తుడిచే ద్రవం రాయకండి, గుడ్డే కరిగిపోతుంది. మోచేతుల దగ్గర మాత్రమే కోటు మెరుస్తుంటే అది నేత గొప్ప కాదు, అరుగుదల.

మన దక్కనులో ఈ కళకు వేరే పేర్లున్నాయి. మష్రూలో పట్టు పైకి, నూలు ఒంటికి తగిలేలా ఉంటుంది. మగవారు పట్టును నేరుగా ఒంటిపై ధరించరాదన్న మత నియమానికి అది పరిష్కారం. ఆ పేరుకు అర్థం కూడా అనుమతించినది అనే. కనుక అస్తరు ఎత్తి చూడాలి. వెనుకవైపు మెరుపు లేని నూలుంటే మష్రూ కావచ్చు. నూలు నేలపై పట్టు పూలు తేలి, వెనుక వదులు పోగులు వేలాడుతుంటే హిమ్రూ కావచ్చు. నిజాం రాజ్యంలో ఔరంగాబాద్ హిమ్రూకు పేరుపొందింది. హైదరాబాదు షేర్వాణీలకు ఆ గుడ్డ వాడేవారు. ఆ నేతలు కనుమరుగవుతున్న కాలంలో సురయ్యా హసన్ బోస్ హైదరాబాదులో మగ్గాలు పెట్టించి, వితంతువులకు పని నేర్పి వాటిని నిలబెట్టారు. 2021లో ఆమె కన్నుమూశారు. అలాంటి గుడ్డతో కుట్టిన పాత షేర్వాణీని వెండి తూకానికి ఇవ్వడం, తాళపత్రాన్ని పొయ్యిలో పెట్టడం వంటిదే.

వయసు చెప్పే గుర్తులు

లోపలి జేబు దగ్గర దర్జీ చీటీ వెతకండి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే కోటు 1972 ఆగస్టు 15 తరువాతిది. ‘న్యూఢిల్లీ-1’ వంటి పాత మండల సంఖ్యే ఉంటే అంతకు ముందుది కావచ్చు, ఖాయం కాదు. దర్జీలు పాత చీటీలను అయిపోయేదాకా వాడేవారు. వూల్‌మార్క్ ముద్ర 1964లో పుట్టింది. ముందరి మడతలు సన్ననివైతే అరవైల తొలినాళ్లు, వెడల్పువైతే డెబ్బైలు అని స్థూలంగా అనుకోవచ్చు.

ధరించేటప్పుడు

మెరిసేది ఒకటే ఉండాలి. షార్క్‌స్కిన్ కోటు కింద మెరుపులేని ముదురు ప్యాంటు, తెల్ల నూలు చొక్కా చాలు. పట్టు టై దానితో పోటీ పడుతుంది. హిమ్రూ షేర్వాణీకి తెల్ల చుడీదారే అందం. స్త్రీలు కూడా పాత కోటును సాదా నేత చీరపై వేసుకోవచ్చు, జరీ అంచు లేకుంటే ఇంకా బాగుంటుంది. ఒక హెచ్చరిక: సన్నటి గీతల షార్క్‌స్కిన్ పెళ్లి వీడియోలో అలలు అలలుగా కదిలినట్టు కనిపించవచ్చు. ముందే ఫోనుతో తీసి చూసుకోవడం మంచిది.

చేతుల పొడవు, నడుము దర్జీ సరిచేయగలరు. భుజాలు సరిపోకపోతే కోటును అలాగే ఉంచడమే నయం. పట్టు, జరీ గుడ్డలో కుట్టు విప్పితే పాత సూది రంధ్రాలు మిగిలిపోతాయి కాబట్టి వదులు చేయించేముందు లోపల ఒకచోట విప్పి చూడమనండి. పెళ్లి నుంచి రాగానే గాలికి ఆరబెట్టి, ఉతికిన పాత పంచెలో చుట్టి పెట్టండి. జరీ పక్కన కలరా ఉండలు వేయకండి, దానిపై అత్తరు చల్లకండి. రెండూ జరీని నల్లబరుస్తాయి.